లైబ్రరీ పుస్తకాలు తూకానికి వేయొచ్చా?

మీ కాలేజీలో నాలుగు బీరువాల పుస్తకాలు తూకానికి వేసేశారు, ఇది కరెక్టేనా అని అడిగారు. పాతవి తీసేయొచ్చండీ, కానీ బండి పిలవడం ఆఖరి పని. డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను, ఇది రెండుసార్లు దగ్గరుండి చూశాను.

పుస్తకం పోవడం వేరు, మనమే తీసేయడం వేరు. పోయిన వాటికి కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో ప్రభుత్వ డబ్బు, సామాన్ల లెక్కలకు పెట్టిన 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 215వ రూల్ ఉంది. ఏడాదిలో పాఠకుల చేతికి వెళ్లిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోతే, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే, మామూలు నష్టమే అంటారు. 1,000 రూపాయలు దాటినదో, అరుదైనదో పోతే మాత్రం విచారణ జరగాల్సిందే.

మనం తీసేసేవాటికి వేరే లిస్టు రాయాలి, ఒక్కోదానికి కారణంతో సహా. చెదలు పట్టిందా, సిలబస్ మారిందా, అదనపు కాపీనా అన్నది ఆ సబ్జెక్టు లెక్చరర్లున్న కమిటీ పుస్తకం చేత్తో పట్టుకుని చూసి తేల్చాలి. ప్రిన్సిపాల్ ఆర్డర్ వచ్చాకే, లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో రాసే యాక్సెషన్ రిజిస్టర్‌లో రిమార్క్స్ గడిలో ఎర్ర సిరాతో ఆర్డర్ నంబరు, తేదీ వేస్తాం. పాత ఎంట్రీ చెరపకూడదు, ఆ పుస్తకం వరుస నంబరు ఇంకో పుస్తకానికి ఇవ్వకూడదు. పుస్తకంలో మన ముద్ర పక్కన రద్దు ముద్ర కూడా పడాలి, లేకపోతే రేపు పాత పుస్తకాల షాపులో కనిపిస్తే దొంగసొత్తు అనుకుంటారు.

మొదటిసారి మేం తప్పు చేశాం. ముప్పై ఏళ్లు దాటినవన్నీ తీసేయమన్నారు, తీసేశాం. మొదటి లోడు వెళ్లిపోయాక మిగిలిన మూటల్లో అట్ట ఊడిన సన్న పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. మా తాలూకా చెరువుల గురించి రాసింది. లోపలి పేజీలో ఊదా సిరాతో, చనిపోయిన కొడుకు జ్ఞాపకంగా కాలేజీకి ఇస్తున్నానని ఒక తండ్రి రాసిన నాలుగు వాక్యాలు, కింద 1952 అని. అంతే, సాయంత్రం దాకా మూటలన్నీ విప్పించి పదకొండు పుస్తకాలు వెనక్కి పెట్టాను. మొదటి లోడులో పోయిన వాటిలో రెండింటి కోసం ఇప్పటికీ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద వెతుకుతుంటాను, దొరకలేదు.

మీరు ముందు ఆ లిస్టు, కమిటీ తీర్మానం చూపించమని అడగండి. ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు. మూటలు ఇంకా వరండాలోనే ఉంటే మాత్రం కాగితాల సంగతి తర్వాత, ఎవరైనా దానమిచ్చినవి ఉన్నాయేమో ఈరోజే వెళ్లి మొదటి పేజీలు తిప్పి చూడండి.