ఇంట్లో సిగరెట్ ఆపించడానికి గాలి మీటర్ పనికొస్తుందా?

ఆయాసం జబ్బున్న పెద్దాయన ఇంట్లో ఉన్నా కొడుకు లోపలే సిగరెట్ కాలుస్తున్నాడు, గాలి మీటర్ పెడితే మారతాడా అని అడిగారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే కథ. మామగారికి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసం వచ్చే జబ్బు. మా ఆయన బాల్కనీ తలుపు వేసుకుని కాల్చేవారు. "పొగ లోపలికి ఎక్కడొస్తోంది, అంతా నీ అనుమానం" అనేవారు. రోజూ గొడవే.

పీఎం 2.5, అంటే గాలిలో ఉండే కంటికి కనిపించనంత సన్నని పొగ, దుమ్ము రేణువులు ఎన్నున్నాయో చూపించే చిన్న మీటర్ కొని మామగారి మంచం పక్కన పెట్టాను. వారం రోజులు ఎవరినీ ఏమీ అనకుండా అంకెలు రాసుకున్నాను. మామూలుగా 20 లోపే ఉండేది (ఘనపు మీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాములని లెక్క). ఒక రాత్రి ఆయన బాల్కనీ నుంచి వచ్చిన పది నిమిషాలకి 140 దాటింది. మామగారు దగ్గుతూ దిండు కింద ఇన్‌హేలర్ కోసం తడుముకుంటున్నారు. నేను నోరు మెదపలేదు. మా ఆయనే మీటర్ చూసి లేచి కిటికీలు తెరిచారు. అయినా అంకె మళ్లీ మామూలుకి రావడానికి గంటన్నర పట్టింది. ఆలోపు నాలుగుసార్లు వచ్చి చూసి వెళ్లారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన పరిమితి రోజు సగటున 15 మాత్రమే అని అప్పుడు చెప్పాను.

మర్నాడు ఎదురు తిరిగారు: "నువ్వు వేపుడు పెట్టినా పెరుగుతోందిగా!" నిజమే, పెరుగుతుంది. ఒప్పుకుని, వంటింటి తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం మొదలుపెట్టాను. నేను తగ్గాకే ఆయనా తగ్గారు. కాబట్టి మీటర్‌ని పోలీసులా వాడకండి, పంతం పెరుగుతుంది.

కొనేటప్పుడు పీఎం 2.5 ఉందో లేదో చూసుకోండి. కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే చూపేది దీనికి పనికిరాదు. గాలిలో తేమ ఎక్కువుంటే చవక మీటర్లు అంకె పెంచి చూపిస్తాయి, అందుకని ఒక్క అంకెకే టెన్షన్ పడకుండా మీ ఇంట్లో మామూలుగా ఎంత ఉంటుందో దానితో పోల్చుకోండి. అలాగని అంకె తగ్గగానే గాలి బాగైపోయినట్టు కాదు. పొగలోని విషవాయువులు ఈ మీటర్‌కి అందవు.

మా ఆయన సిగరెట్ మానలేదు లెండి. ఇప్పుడు కిందికి దిగి, వీధిలో కాల్చి, పైకొచ్చి చొక్కా మార్చుకుంటారు. మానే సంగతి అడగడానికి వచ్చే నెల డాక్టర్ దగ్గరికి వస్తానన్నారు, చూడాలి.