న్యూయార్క్‌లో ఉద్యోగం, న్యూజెర్సీలో కాపురం: చిన్నపిల్లలతో ఏ ఊరికి మారితే మంచిది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో పరిస్థితి ఇది. మీ ఇద్దరికీ మన్‌హటన్‌లోనే ఉద్యోగాలు; ఒకరి ఆఫీసు పెన్ స్టేషన్ పక్కన, మరొకరిది దిగువన వరల్డ్ ట్రేడ్ సెంటర్ వైపు. వారానికి మూడు రోజులు తప్పనిసరిగా ఆఫీసుకు వెళ్లాలి. ప్రస్తుతం జెర్సీ సిటీలో అద్దెకుంటున్నారు, రెండేళ్ల పాప ఉంది, రెండో కాన్పు దగ్గరపడుతోంది. ఎడిసన్, వెస్ట్ విండ్సర్, సమ్మిట్ ఈ మూడింటిలో ఎటు వైపు ఇల్లు చూసుకోవాలని అడిగారు. మేమూ ఇదే దారిన వచ్చినవాళ్లం. జెర్సీ సిటీ నుంచి వెస్ట్ విండ్సర్ పక్కనున్న ప్లెయిన్స్‌బరోకు మారి అక్కడ కొంతకాలం అద్దెకుండి, తర్వాత మెటచెన్ స్టేషన్‌కు దగ్గరగా ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కున్నాం. నా ఉద్యోగం మన్‌హటన్‌లో, మావారిది ప్రిన్స్‌టన్ వైపు రూట్ 1 మీద.

ఊరు వెతికేవాళ్లు సాధారణంగా ఉదయపు రైలు ఎన్ని నిమిషాల్లో నగరం చేరుస్తుందో చూసి నిర్ణయానికి వస్తారు. నా ఉద్దేశంలో పసిపిల్లలున్న ఇంటికి ఊరిని నిర్ణయించవలసింది సాయంత్రం. ఇక్కడి డే కేర్లు చాలావరకు ఆరింటికో ఆరున్నరకో మూసేస్తాయి, ఆ పైన నిమిషానికి ఇంత చొప్పున రుసుము వసూలు చేస్తాయి. డబ్బు సంగతి అలా ఉంచినా, మిగతా పిల్లలందరూ వెళ్లిపోయాక కోటు తొడుక్కుని తలుపు వైపు చూస్తూ కూర్చున్న బిడ్డ దగ్గరకు రోజూ ఆఖరున చేరడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి లెక్కను చివరి నుంచి మొదలుపెట్టండి. ఆరుంబావుకు బిడ్డను ఎత్తుకోవాలంటే ఆఫీసులో ఎన్నింటికి లేవాలి? వెస్ట్ విండ్సర్‌లో ఉన్న ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్‌కు పెన్ స్టేషన్ నుంచి రైలు గంట దాటి పడుతుంది. దిగాక పార్కింగ్‌లో కారు దాకా నడక, అక్కడి నుంచి పది పదిహేను నిమిషాల డ్రైవు. అంటే నాలుగున్నరకే లేవాలి. ఎడిసన్ వైపు మెట్రోపార్క్, మెటచెన్ స్టేషన్ల దగ్గర ఇల్లుంటే ఐదింటి దాకా కూర్చోవచ్చు. చూడటానికి అరగంటే గానీ, నాలుగున్నరకు పెట్టే మీటింగుల నుంచి వారానికి మూడుసార్లు లేచిపోయేవాళ్లను ఆఫీసులో ఎలా చూస్తారో మీకూ తెలిసే ఉంటుంది.

ఈ లెక్కలో ఆలస్యాలకు కొంత చోటు వదలాలి. పెన్ స్టేషన్‌కు న్యూజెర్సీ వైపు నుంచి వెళ్లే ప్రతి రైలూ హడ్సన్ నది కింద 1910లో ప్రారంభమైన రెండు సొరంగాల గుండానే వెళ్లాలి. ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. 2012 అక్టోబరులో శాండీ తుఫాను సమయంలో వాటిలోకి ఉప్పునీరు చేరి, దాని తుప్పు ప్రభావం ఇప్పటికీ వదలలేదు. అదే దారిలో హాకెన్‌సాక్ నది మీది పోర్టల్ వంతెన కూడా 1910 నాటిదే. పడవలకు దారివ్వడానికి తిరిగే ఆ వంతెన కొన్నిసార్లు మళ్లీ సరిగ్గా మూసుకోక రైళ్లన్నీ నిలిచిపోయేవి. దాని పక్కన కొత్త వంతెన పని 2022లో మొదలైంది, కొత్త సొరంగాలను 2035 నాటికి పూర్తి చేయాలన్నది ప్రణాళిక. అప్పటికి మీ పాప మిడిల్ స్కూలుకు వచ్చి ఉంటుంది. అందువల్ల ఇల్లు చూసేటప్పుడు రైలు ఆగిపోయినా ఇల్లు చేరడానికి రెండో దారి ఉందా అని తప్పక చూడండి. ఈ విషయంలో నార్త్ ఈస్ట్ కారిడార్ లైను (ఎడిసన్, వెస్ట్ విండ్సర్ వైపు వెళ్లే రైలు మార్గం) మీద ఉన్న ఊళ్లకు ఒక వెసులుబాటు ఉంది: పెన్ స్టేషన్ స్తంభించినా, పాత్ (న్యూజెర్సీ-మన్‌హటన్ మధ్య నది కింద నడిచే మెట్రో) రైలులో వరల్డ్ ట్రేడ్ సెంటర్ నుంచి న్యూవర్క్ చేరి అక్కడ మన రైలు పట్టుకోవచ్చు. మీలో దిగువ మన్‌హటన్‌లో పనిచేసేవారికి ఎలాగూ రోజూ అదే దారి.

సమ్మిట్ వైపు లైనుకూ ఇలాంటి సౌకర్యమే ఉంది. 1996లో మిడ్‌టౌన్ డైరెక్ట్ రైళ్లు మొదలైనప్పటి నుంచి సమ్మిట్, మేపుల్‌వుడ్, చాటమ్ లాంటి ఊళ్ల నుంచి నేరుగా పెన్ స్టేషన్‌కు వెళ్లవచ్చు, కొన్ని రైళ్లు హొబోకెన్‌కు వెళ్తాయి, అక్కడి నుంచి పాత్ ఉంది. మేపుల్‌వుడ్ నుంచైతే రైలు ప్రయాణం మెట్రోపార్క్ నుంచి పట్టే సమయం కంటే కొంత తక్కువే. నడిచి తిరగగలిగే మంచి ఊళ్లు అవి. ధరలు మాత్రం ఆకాశంలో ఉంటాయి, మన సరుకులకూ గుడికీ కారెక్కాలి. వెస్ట్‌ఫీల్డ్, క్రాన్‌ఫర్డ్ కూడా చూడమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ రారిటన్ వ్యాలీ లైను రైళ్లు రద్దీ వేళల్లో నేరుగా పెన్ స్టేషన్‌కు పోవు, న్యూవర్క్‌లో దిగి మారాలి.

బస్సు ఊళ్ల గురించి ఒక మాట. ఈస్ట్ బ్రన్స్‌విక్, ఓల్డ్ బ్రిడ్జ్, మార్ల్‌బరో వైపు ఇదే ధరకు పెద్ద ఇల్లు వస్తుందని, బస్సు నేరుగా 42వ వీధిలోని పోర్ట్ అథారిటీ టెర్మినల్‌లో దింపుతుందని అంటారు. రెండూ నిజమే. ఉదయం లింకన్ సొరంగానికి వెళ్లే దారిలో బస్సులకు ప్రత్యేకంగా ఒక వరుస కేటాయిస్తారు, 1970 నుంచి ఉన్న ఏర్పాటు అది, దానివల్ల బస్సులు నిలిచిపోయిన కార్లను దాటుకుంటూ పోతాయి. సాయంత్రం తిరుగు ప్రయాణానికి అలాంటి వరుస లేదు. ఉదయపు ప్రయాణాన్ని బట్టి ఊరిని మెచ్చుకున్నవాళ్లకు ఈ తేడా ఇల్లు కొన్నాక గాని తెలిసిరాదు.

ఇద్దరూ నగరంలోనే పనిచేస్తున్నారు గనుక మరో సంగతి మీరు ముందే ఆలోచించుకోవాలి. డే కేర్‌లో పిల్లకు జ్వరం వస్తే వెంటనే వచ్చి తీసుకెళ్లమని ఫోన్ చేస్తారు. చిన్నపిల్లల మొదటి ఏడాది ఈ ఫోను చాలాసార్లు వస్తుంది. మా ఇంట్లో మావారు ఊరి వైపే ఉంటారు కనుక సరిపోయింది. మీకు ఆఫీసు రోజులను ఒకరివి ఒకరికి కలవకుండా పెట్టుకునే వీలుంటే మూడు రోజుల్లో కనీసం రెండు రోజులైనా ఒకరు ఇంటి దగ్గర ఉంటారు. మిగిలిన రోజుకు డే కేర్ కాగితాల మీద అత్యవసర సమయంలో పిలవవలసిన మనిషిగా ఎవరి పేరు రాస్తారు? తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు కావాలని మనం అనుకునేటప్పుడు గుడి, పండుగలు, తెలుగు బడి గురించి అనుకుంటాం గానీ, అసలు ఉపయోగం ఇక్కడ కనిపిస్తుంది. మా పక్క వీధిలోని గుంటూరు కుటుంబం పేరు మా ఫారంలోనూ, మా పేరు వాళ్ల ఫారంలోనూ ఇప్పటికీ ఉన్నాయి.

కాన్పుకు అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు, వాళ్లు ఇక్కడ కారు నడపరు. వెస్ట్ విండ్సర్‌లో చాలా కాలనీలు అందంగా, ప్రశాంతంగా ఉంటాయి, కానీ పాల సీసాకైనా కారు తీయాలి. పగలంతా పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్లకు ఆ ప్రశాంతతే భారమవుతుంది. మా అత్తగారు ప్లెయిన్స్‌బరోలో ఉన్నప్పుడు లైబ్రరీకి నడిచి వెళ్లేవారు గనుక కొంత నయం. మెటచెన్‌లో స్టేషన్ పక్కనే మెయిన్ స్ట్రీట్, దుకాణాలు, బెంచీలు, కాలిబాటలు ఉన్నాయి. ఎడిసన్, ఐస్లిన్‌ల మధ్య ఓక్ ట్రీ రోడ్డు దగ్గర ఇల్లుంటే స్ట్రోలర్ తోసుకుంటూ కూరగాయలకు వెళ్లి, నలుగురితో మాట్లాడి రావచ్చు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు కారు ఆపి, ఆ ఇంటి గుమ్మం నుంచి స్ట్రోలర్‌తో అర మైలు నడిచి చూడండి. కాలిబాట సగంలో ఆగిపోయే వీధులు ఇక్కడ చాలా ఉన్నాయి.

బడుల గురించి రాస్తూ, రేటింగుల్లో పదికి పది మార్కులున్నవి కావాలన్నారు. అక్కడ ముందు చూసుకోవలసింది చిరునామా. న్యూజెర్సీలో తపాలా పేరు, టౌన్‌షిప్ పేరు, స్కూల్ డిస్ట్రిక్టు పేరు మూడూ ఒకటే కానక్కరలేదు. ఐస్లిన్ అన్నది వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లోది. ప్రిన్స్‌టన్ అని చిరునామా ఉన్న ఇళ్లలో కొన్ని సౌత్ బ్రన్స్‌విక్‌లోనో లారెన్స్‌లోనో ఉంటాయి. మాన్‌మత్ జంక్షన్ అనే పేరు చూసి రైలు ఉందనుకునేరు, ఇప్పుడక్కడ ప్రయాణికుల స్టేషనే లేదు. చుట్టూ ఎడిసన్ ఉన్నా మధ్యలో ఉన్న మెటచెన్ వేరే బరో (సొంత పాలన ఉన్న చిన్న పట్టణం), దాని బడులు వేరు. ఎడిసన్‌లోనే ఉత్తరాన ఉన్న పిల్లలు జె.పి. స్టీవెన్స్ హైస్కూలుకు, దక్షిణాన ఉన్నవాళ్లు ఎడిసన్ హైస్కూలుకు వెళ్తారు, ఆ గీతను బట్టే ఇళ్ల ధరలూ మారతాయి.

ఇక మార్కుల మాట. వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో బడులు చదువులో గట్టివి, అందులో సందేహం లేదు. అయితే పిల్లల మీద ఒత్తిడి మితిమీరిందని 2015లో ఆ డిస్ట్రిక్టు సూపరింటెండెంటే తల్లిదండ్రులకు సుదీర్ఘమైన లేఖ రాశారు. హైస్కూల్లో మధ్యంతర, వార్షిక పరీక్షలు తీసేశారు, హోంవర్క్ లేని రాత్రులు పెట్టారు. దాని మీద ఊరి తల్లిదండ్రులు రెండుగా చీలి వాదించుకున్నారు. కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లు చూసి వచ్చిన మనకు ఈ కథ కొత్తది కాదు. రెండేళ్ల పాప కోసం హైస్కూలు ర్యాంకుకు అదనంగా లక్ష డాలర్లు పెట్టేముందు, కిండర్‌గార్టెన్ పూర్తి రోజు నడుస్తుందా, బడి అయ్యాక ఆరు దాకా చూసుకునే ఏర్పాటు ఆ బడిలోనే ఉందా, అందులో చోటు దొరుకుతుందా అని డిస్ట్రిక్టు కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి. రాబోయే నాలుగైదేళ్లు మీ రోజులు నడిచేది వాటి మీదే.

ఆస్తి పన్ను ఈ రాష్ట్రంలో దేశంలోకెల్లా ఎక్కువ, సగటున ఏడాదికి 10,000 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, మీరు చూస్తున్న ఊళ్లలో అంతకు మించవచ్చు. మూడు నెలలకోసారి కట్టాలి. మెట్రోపార్క్‌లో పెద్ద పార్కింగ్ భవనం ఉంది గానీ, ప్రిన్స్‌టన్ జంక్షన్ లాంటి చోట్ల పర్మిట్ కోసం వెయిటింగ్ లిస్టు ఉండవచ్చు, ఇల్లు ఖాయమయ్యే ముందే దాని సంగతి తెలుసుకోండి.

వరద విషయం మాత్రం ఇంత తేలికగా వదలకండి. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను వానకు మాన్‌విల్, క్రాన్‌ఫర్డ్ లాంటి ఊళ్లతో పాటు మ్యాపులో వరద ప్రాంతంగా లేని వీధుల్లోనూ బేస్‌మెంట్లు మునిగాయి. ఇల్లు గతంలో మునిగిందో లేదో అమ్మేవారు తమకు తెలిసినంత మేరకు రాతపూర్వకంగా చెప్పాలని 2024 మార్చి నుంచి చట్టం వచ్చింది. ఆ కాగితం అడిగి తీసుకోండి, బేస్‌మెంట్‌లో సంప్ పంపు (చేరిన నీటిని బయటకు తోడేది) ఉంటే కరెంటు పోయినప్పుడు అది బ్యాటరీ మీద నడుస్తుందో లేదో కూడా అడగండి. పక్కింటివాళ్లను అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది.

ఇన్నీ చెప్పాక నా సలహా మీరు అడిగిన మూడు ఊళ్లలో ఏదీ కాకపోవచ్చు. ఇప్పుడే ఎందుకు మారాలి? 1998లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు అబ్బాట్ కేసులో (పేద డిస్ట్రిక్టుల బడులకు నిధుల గురించిన కేసు) ఇచ్చిన తీర్పు వల్ల జెర్సీ సిటీ, హొబోకెన్, న్యూవర్క్ లాంటి డిస్ట్రిక్టుల్లో మూడు, నాలుగేళ్ల పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో పూర్తి రోజు ప్రీస్కూలు ఉంది. పాపకు మూడేళ్లు రాబోతున్న సమయంలో ఆ ఊరు వదిలి, సబర్బుకు వచ్చి అదే రెండేళ్ల ప్రీస్కూలుకు నెల నెలా చేతి నుంచి కట్టే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రెండో బిడ్డ డే కేర్ ఖర్చు ఎలాగూ నెత్తిన పడుతుంది. ఒక బిడ్డ ఖర్చయినా తప్పితే డౌన్ పేమెంటుకు కలిసివస్తుంది, ఇద్దరి ఆఫీసులూ పాత్ రైలు దూరంలోనే ఉంటాయి, కాన్పు తర్వాతి కష్టకాలంలో సాయంత్రం ఇల్లు చేరడం సులువవుతుంది. ప్రీస్కూలు వేళలు మామూలు బడి వేళలే కనుక, సాయంత్రం చూసుకునే ఏర్పాటుకు మాత్రం విడిగా కట్టవలసి రావచ్చు. మీ వీధికి దగ్గరలోని కేంద్రంలో సీటు దొరుకుతుందా అన్నది ఇప్పుడే దరఖాస్తు పెట్టి తేల్చుకోండి.

అపార్ట్‌మెంట్ ఇద్దరు పిల్లలకు నిజంగానే చాలకపోతే మెటచెన్, మెట్రోపార్క్ మధ్య ఉత్తర ఎడిసన్‌లో ముందు అద్దెకు దిగండి. ఇద్దరి ఆఫీసులూ వారానికి ఒక రోజుకు తగ్గితే వెస్ట్ విండ్సర్ కూడా బాగానే ఉంటుంది, అద్దెకైతే ప్లెయిన్స్‌బరోలో అవే బడులు తక్కువ ఖర్చులో దొరుకుతాయి. కిండర్‌గార్టెన్‌కు చాలా డిస్ట్రిక్టుల్లో అక్టోబరు 1 నాటికి ఐదేళ్లు నిండాలి. పాప పుట్టినరోజు ఏ నెలలో ఉందో మీరు రాయలేదు. అది తెలిస్తే ఏ వేసవికల్లా ఇల్లు చేతిలో ఉండాలో లెక్క కట్టి చెప్పగలను.