అమ్మాయి సోమాలీ యాసల వెంట పడింది, ఏం చేయమంటారు?

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నుంచి ఒక తల్లి రాశారు. అమ్మాయికి ఇరవై ఏళ్లు, అక్కడే పుట్టి పెరిగింది, లింగ్విస్టిక్స్, అంటే భాషాశాస్త్రం, మూడో ఏడు చదువుతోంది. హైస్కూల్లో పక్క సీటు స్నేహితురాలి దగ్గర సరదాగా మొదలుపెట్టిన సోమాలీ, అంటే తూర్పు ఆఫ్రికాలోని సోమాలియా భాష, ఇప్పుడు చదువులోకి వచ్చేసింది, పైగా అందులో మళ్లీ "మాయ్" అనే రకం మీద పనిచేస్తానంటోంది. తల్లిదండ్రులేమో ఏడాది పాటు సాగే ఏఐ లాంగ్వేజ్ సర్టిఫికెట్ కోర్సుకి డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నారు. ప్రామాణిక సోమాలీ, మాయ్, ఏఐ, ఈ మూడింటినీ పోల్చి చెప్పమని అడిగారు.

అమ్మా, పోలిక చెప్తాను. కానీ ఉత్తరమంతా స్కోప్, జీతం, మార్కెట్ అని రాసి, చివర్లో "మా వాళ్లు అమ్మాయి ఏం చదువుతోందని అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదండీ" అన్నారు చూడండి, అసలు బాధ అక్కడుంది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, కోర్సు పేరు మారుతుంది గానీ ఆ చివరి వాక్యం మారదు. మీ పాప చెడిపోవట్లేదు. ఇరవై ఏళ్లకే ఇంట్లో ఎవరికీ రాని ఒక భాషని చెవితో పట్టుకుని, అందులో ఏ ఊరి మాట ఏదో విడదీయగలిగే పిల్ల పనికిరాకుండా ఎక్కడికీ పోదు.

ఇంకో మాట రాశారు, అది మాత్రం నాకు గుచ్చుకుంది. "అది సోమాలీ కూడా సరిగ్గా కాదట, ఏదో పల్లెటూరి యాసట" అని. మీది విజయనగరం అని మీరే రాశారు. హైదరాబాద్‌లో హాస్టల్‌కి వెళ్లిన కొత్తలో మీరు "ఏటి" అంటే పక్కవాళ్లు నవ్వలేదా? తర్వాత మీరు దాన్ని "ఏంటి" అని మార్చుకోలేదా? ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం మళ్లీ ఆ "ఏటి" వచ్చేసి ఉంటుంది. మరి ఆ నొప్పి తెలిసిన మీరే వేరేవాళ్ల మాటని సరైనది కాదని ఎలా అంటారమ్మా? ఇది మీ అమ్మాయి ముందు అనకండి. ఒకవేళ ఇప్పటికే అనేసి ఉంటే, తప్పుగా అన్నానని చెప్పండి.

ఈ "ఏటి" దగ్గరే మీ అమ్మాయి చదువు అర్థమవుతుంది. సోమాలీలో రెండు పెద్ద రకాలకి పేర్లే "ఏమిటి" అనే మాట నుంచి వచ్చాయి. "మహా తిరి" అంటే "ఏమన్నావు" అని. "మహా" అని అడిగేవాళ్లది ఒక రకం, అదే మాటని "మాయ్" అని అడిగేవాళ్లది ఇంకో రకం. మనం ఏంది, ఏంటి, ఏటి అనే మాటని బట్టి మనిషిది ఏ వైపో చెప్పేస్తాం కదా, అలాగే. అయితే మాయ్‌కీ మహాకీ ఉన్న దూరం శ్రీకాకుళానికీ అనంతపురానికీ ఉన్నంత కాదు, ఇంకా చాలా ఎక్కువ. ఒకటి మాత్రమే విని పెరిగిన మనిషికి రెండోది సగం కూడా అందకపోవచ్చు, అందుకే దాన్ని యాస అనాలా వేరే భాష అనాలా అని పండితుల్లోనే ఒకమాట లేదు. 2012లో సోమాలియా రాసుకున్న తాత్కాలిక రాజ్యాంగంలో అయితే అధికార భాష సోమాలీ అని పెట్టి, మాయ్, మహా తిరి రెండింటి పేర్లూ రాశారు. రాజ్యాంగంలోకి ఎక్కిన దాన్ని పల్లెటూరి యాస అని తీసిపారేయలేం.

మరి చిన్నచూపు ఎందుకొచ్చిందంటే, ఉత్తరాన ఒంటెల మందలతో ఎండాకాలం ఒకచోట వానలకి ఇంకోచోట తిరిగేవాళ్ల మాట జిబూటీ నుంచి ఇథియోపియా మీదుగా కెన్యా ఈశాన్యం దాకా పెద్దగా మారకుండా పరుచుకుంది. కవిత్వానికి పేరు కూడా వాళ్లకే వచ్చింది, రేడియోలోనూ అదే మాట వినిపించింది. 1957లో బీబీసీ సోమాలీ ప్రసారాలు మొదలయ్యాయి. 1972లో అప్పటి పాలకుడు సియాద్ బర్రే ప్రభుత్వం లాటిన్ లిపిని ఖాయం చేసినప్పుడు కూడా ఆ లిపి మహా వైపు శబ్దాలకే కుదిరింది. దక్షిణాన షెబెల్లె, జుబ్బా నదుల మధ్య నేలని నమ్ముకుని జొన్న పండించుకునే వాళ్ల దగ్గర కథ వేరు. అక్కడ బైదోవా చుట్టుపక్కల మాయ్, ఇంకొంచెం పక్కకి పోతే టున్ని, జిద్దు, దబర్రె, ఇలా కొద్ది దూరంలోనే మాట మారిపోతుంది. మాయ్‌కి 2007లో ఇంగ్లిష్‌తో కలిపి నిఘంటువు వచ్చిందంటే, రాతలోకి ఎంత ఆలస్యంగా అడుగుపెట్టిందో చూడండి.

ఒహాయోలో నర్సుగా పనిచేస్తున్న ఒక అమ్మాయి, నా దగ్గర సలహా తీసుకుని వెళ్లిన పిల్లే, చెప్పిన సంగతి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. సోమాలీ బంటు (దక్షిణ సోమాలియాలో పొలాలు చేసుకునే ఒక అల్పసంఖ్యాక జాతి) కుటుంబంలోని పెద్దావిడ, జుబ్బా లోయ నుంచి శరణార్థి శిబిరాల మీదుగా అమెరికా చేరిన మనిషి, షుగర్ మాత్రల కోసం వచ్చింది. ఫోన్‌లో దుబాసీని కలిపారు. కంప్యూటర్‌లో "సోమాలీ" అని ఉంది కాబట్టి సోమాలీ దుబాసీనే వచ్చాడు, చక్కగా, మర్యాదగా మాట్లాడాడు. రోజుకి రెండుసార్లు తిన్నాక వేసుకోవాలి, అర్థమైందా అంటే ఆవిడ "హా" అంది, హా అంటే అవునని. ఇంకేదైనా వేసుకుంటున్నారా అంటే హా, ఏం వేసుకోవట్లేదు కదా అంటే కూడా హా. అప్పుడు ఈ పిల్లకి అనుమానం వచ్చి మాత్రల సీసా ఆవిడ చేతికిచ్చి, ఎలా వేసుకుంటారో చూపించమంది. ఆవిడ మూత తీసి నాలుగు మాత్రలు ఒకేసారి అరచేతిలో పోసుకుంది. ఆవిడది మాయ్. నాకు అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడి హా అంటోంది. 2003, 2004ల నుంచి అమెరికాకి వచ్చిన సోమాలీ బంటుల్లో ఎక్కువమంది మాట మాయ్. వాళ్లలో చాలామందికి మహా కూడా వచ్చు, పల్లెల్లోంచి వచ్చిన పెద్దవాళ్లకే ఈ ఇబ్బంది. మీ అమ్మాయి చదువు ఎవరికి కావాలని అడిగారు కదా, ఆ పెద్దావిడకి కావాలి.

ఇక ఏఐ సంగతి. నాకు దాని మీద కోపం లేదు, కానీ ఈ ఏడాది కోర్సుల మీద గట్టి అనుమానమే ఉంది, దాచుకోను. అమీర్‌పేటలో బోర్డులు మారడం మనమంతా చూశాం: మెయిన్‌ఫ్రేమ్ పోయి టెస్టింగ్, అది పోయి శాప్, తర్వాత హడూప్, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఏ మెట్లెక్కినా ఏఐ. ప్రతిసారీ ముందే గణితం, ప్రోగ్రామింగ్ గట్టిగా ఉన్నవాళ్లు నిలబడ్డారు, బోర్డు చూసి చేరినవాళ్లు మళ్లీ కొత్త బోర్డు వెతుక్కున్నారు. మాటని గుర్తుపట్టే యంత్రాన్ని తయారుచేసేవాళ్లకి ఏడాది చదువు సరిపోదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌కి కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ ఎంఎస్ కలిపి ఐదేళ్లు చదివిస్తారు, ఆ పనికి అంత పునాది కావాలి. సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని వెళ్లినవాళ్లకి ఎక్కువగా దొరికేది గంటల లెక్కన రికార్డింగులు విని లేబుల్ పెట్టే పని. అది తప్పుడు పనేం కాదు, కానీ మీరు కట్టే ఫీజు దాని కోసం కాదు కదా.

పైగా మీరు "రేపు యంత్రమే అన్నీ అనువదించేస్తుంది కదా" అన్నారు. యంత్రం దేన్ని విని నేర్చుకుంటుంది? నెట్‌లో ఉన్న సోమాలీ అంటే ఎక్కువగా వార్తలు, ప్రసంగాలు, ప్రామాణికంగా రాసిన పేజీలు. రాతలో తక్కువగా ఉన్న మాయ్ దానికి చెడిపోయిన సోమాలీలా వినిపిస్తుంది. తెలుగు గొంతుని రాతలోకి మార్చే యాప్‌లు పల్లె మాటని ఏం చేస్తాయో మీ ఫోన్లోనే చూసి ఉంటారు. రేపు అదీ బాగుపడొచ్చు, కాదనను, కానీ ఏది తేడానో ఏది తప్పో చెప్పడానికి అప్పుడు కూడా తెలిసిన మనిషే కావాలి.

అలాగని అమ్మాయిని దుబాసీ అయిపొమ్మని కూడా నేను చెప్పను. అక్కడే పుట్టిన సోమాలీ పిల్లలు సోమాలీ ఇంట్లో, ఇంగ్లిష్ బళ్లో నేర్చుకుని వస్తారు, వాళ్లతో సమానంగా మాట్లాడాలంటే ఈ అమ్మాయికి చాలా ఏళ్లు పడుతుంది. ఆ పని వాళ్లకి దక్కడమే న్యాయం కూడా. గంటల లెక్కన కాంట్రాక్టు, సెలవులుండవు, నెల నెలా ఆదాయం ఒకేలా రాదు. శరణార్థుల కేసుల్లో మనిషి మాట విని ఏ ఊరివాడో చెప్పే నిపుణుల పని ఉందని కూడా అమ్మాయి అంటోందట. దానికి మాత్రం ఇప్పుడే తొందరపడొద్దనండి. ఒక్క నివేదికతో మనిషి బతుకు తారుమారవుతుంది. సోమాలీ వాళ్ల కేసుల్లో అలాంటి నివేదికలకి ఎంత విలువ ఇవ్వాలనేది 2014లో యూకే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇరవై ఏళ్లు ఆ మాటల మధ్య బతికినవాళ్లు చేయాల్సిన పని అది.

నేను చెప్పే దారి ఇంకోటుంది, మీరు అడగలేదు. స్పీచ్ థెరపీ, అక్కడ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ అంటారు. బడిలో ఒక పిల్లాడు మాట సరిగ్గా పలకట్లేదని టీచర్ పంపిస్తుంది. అది లోపమా, వాళ్లింటి యాసా? ఉత్తరాన అమ్మాయిని "గబడ్" అంటారు, రాజధాని మొగదిషు వైపు "గబర్". "అన్నాడు" అనడానికి ఒకచోట "యిడి", ఇంకోచోట "యిరి". డ కాస్తా ర అయింది, అంతే, నోట్లో లోపమేం లేదు. లాటిన్ రాతలో ఎక్స్ అక్షరం కనిపిస్తే సోమాలీలో అది గొంతు లోతులోంచి వచ్చే హ, సి అక్షరం అరబీలో గొంతు బిగించి పలికే ఐన్ అనే అక్షరం లాంటిది, ఆ రెండు శబ్దాలూ మాయ్‌లో ఉండవు. మాయ్ ఇంట్లో పెరిగిన పిల్లాడిని ప్రామాణిక సోమాలీ మాటల పట్టికతో పరీక్షిస్తే రెండు శబ్దాలు రావట్లేదని రాసేస్తారు, లేని జబ్బు అంటగడతారు. లేదంటే నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లాడిని, వాళ్ల భాషే అంత అని వదిలేస్తారు. ఈ రెంటి మధ్య గీత గీయగలిగే మనిషి చాలా అరుదు, మీ అమ్మాయి దానికి సగం తయారై ఉంది.

ఇందులో తెలుగు పిల్లలకి కొంచెం కలిసొచ్చేది కూడా ఉంది. సోమాలీలో ఆ డ మన డ లాగే నాలుక మడిచి పలికేది, ఇంగ్లిష్ ఒక్కటే వచ్చినవాళ్లు దాన్ని వినడానికే కష్టపడతారు. మనం, మేము అని మనకి రెండున్నట్టే వాళ్లకి ఇన్నగ, అన్నగ ఉన్నాయి, ఎదుటివాళ్లని కలుపుకుంటే ఒకటి, కలుపుకోకపోతే ఇంకోటి. ఇంగ్లిష్‌లో ఆ తేడానే లేదు. మీ అమ్మాయికి అవి ఇట్టే పట్టుబడ్డాయంటే, ఇంట్లో మీరు తెలుగు మాట్లాడటం వల్లే.

కాబట్టి పోలిక ఇంతే: ముందు ప్రామాణిక సోమాలీ గట్టిగా రావాలి, పుస్తకాలు, గురువులు దానికే దొరుకుతారు. మాయ్‌ని దాని పక్కన, మనుషుల మధ్య కూర్చుని నేర్చుకోవాలి. ఏఐ సర్టిఫికెట్‌కి పెట్టే డబ్బు ఆపండి, ప్రోగ్రామింగ్ కావాలంటే యూనివర్సిటీలోనే రెండు కోర్సులు తీసుకుంటుంది. స్పీచ్ పాథాలజీకి రెండేళ్ల మాస్టర్స్, దాని మీద తొమ్మిది నెలల ఫెలోషిప్, అంటే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని, తర్వాత లైసెన్స్. బళ్లలో, ఆసుపత్రుల్లో ఉద్యోగం, నెల జీతం. లింగ్విస్టిక్స్ పిల్లలకి కొన్ని ముందస్తు కోర్సులు అడుగుతారు, నాలుగో ఏడాదిలోనే అవి పెట్టుకుంటే ఒక సంవత్సరం కలిసొస్తుంది. మీ వాళ్లు అడిగితే ఏం చెప్పాలి అన్నారు, "మాట రాని పిల్లలకి సాయం చేసే చదువు చదువుతోంది" అని చెప్పండి. ఎవరికీ ఇంతకంటే వివరం ఇవ్వక్కర్లేదు.

అయితే ఇది నా ఊహే, అమ్మాయికి పిల్లలతో పనిచేయడం ఇష్టమో కాదో నాకు తెలియదు, మీకూ తెలియదనే అనిపిస్తోంది, ఎందుకంటే మూడు పేజీల ఉత్తరంలో ఆ పిల్ల ఏమంది అనేది ఎక్కడా లేదు. ఈ వారం ఒకపూట కూర్చోబెట్టి మాయ్‌లో నాలుగు మాటలు చెప్పమని అడగండి. ఎలా చెప్తుందో, దేని గురించి చెప్తుందో వినండి. తర్వాత తనని నాకు నేరుగా రాయమనండి.