మోడెమ్ డబ్బా మీద "4 రెట్లు" అని ఉంటే నిజంగా ఎంత వస్తుంది?

ఆదోని యార్డులో ఒకటి, కర్నూలు ఆఫీసులో ఒకటి 56కె మోడెమ్ (ఫోన్ లైను మీద కంప్యూటర్ డేటా పంపే పరికరం, 56కె అంటే సెకనుకు 56,000 బిట్లు) పెట్టి, నేరుగా ఫోన్ కలిపి ఫైళ్లు పంపితే డబ్బా మీద రాసిన 4 రెట్ల వేగం వస్తుందా అని అడిగారు. రాదండీ. ధరల పట్టికలకు రెండు, రెండున్నర రెట్లు ఆశించండి. ఫోటోలకు ఏమీ కలిసిరాదు.

అసలు 56కె కూడా రాదు. రెండు చివరలా మామూలు ఫోన్ లైనే ఉంటే సెకనుకు 33,600 బిట్లే గరిష్ఠం. 56కె రావాలంటే అవతలి చివర ఎక్స్ఛేంజికి డిజిటల్ లైను ఉండాలి. 33,600 అంటే సెకనుకు 4,200 బైట్లు, 10 లక్షల బైట్ల ఫైలుకు 4 నిమిషాలు. అందులో ఉన్నవి పత్తి, బుడ్డలు, ఆముదాల ధరలే అయితే రెండు నిమిషాల లోపే పోతుంది.

ఆ రెట్లు వచ్చేది వీ.42బిస్ అనే కంప్రెషన్ (డేటాను నొక్కి చిన్నది చేసే) పద్ధతి వల్ల. మోడెమ్‌లో అది చేసేది ఇంతే: ఒకసారి వచ్చిన అక్షరాల వరుసను గుర్తుపెట్టుకుని, మళ్లీ అదే వస్తే దాని నంబరు మాత్రం పంపుతుంది. తెలుగు యూనికోడ్ దీనికి బాగా లొంగుతుంది. యూనికోడ్‌ను మామూలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు. మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. జేపెగ్ ఫోటోలు, జిప్ ఫైళ్లు ముందే నొక్కేసినవి కాబట్టి వాటిలో పిండడానికి ఏమీ మిగలదు. వీ.42బిస్ అది కనిపెట్టి ఊరుకుంటుంది. పాత కంప్రెషన్ పద్ధతి ఎమ్ఎన్‌పీ5 మాత్రం వాటిని ఇంకా పెద్దవి చేస్తుంది. దాన్ని ఆపేయండి.

ఎక్కువ మంది దెబ్బతినేది కంప్యూటర్‌ను మోడెమ్‌కు కలిపే సీరియల్ పోర్టు దగ్గర. అది సెకనుకు 38,400 బిట్ల మీద ఉండిపోతే, ఒక్కో బైటుకు 10 బిట్లు (డేటావి 8, మొదలు, ముగింపు గుర్తులు 2) పోయి సెకనుకు 3,840 బైట్లే దాటుతాయి. లైను వేగం కంటే అదే తక్కువ! కంప్రెషన్ ఉన్నా లేనట్టే. 115,200 పెట్టండి, 16550 చిప్ ఉన్న పోర్టు వాడండి, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (మోడెమ్ నిండితే కంప్యూటర్‌ను కాసేపు ఆపే ఏర్పాటు) తప్పనిసరి. పాత 8250 చిప్ ఒక్క బైటే పట్టుకోగలదు. ఆ వేగంలో అక్షరాలు జారిపోతాయి.

మోడెమ్‌కు టైపు చేసి ఇచ్చే కమాండ్ల దగ్గర జాగ్రత్త. రాక్‌వెల్ చిప్ మోడెమ్‌లో ఏటీ%సీ0 (AT%C0) అంటే కంప్రెషన్ ఆగుతుంది. యూఎస్ రోబోటిక్స్‌లో అదే పనికి ఏటీ&కే0 (AT&K0). ఇదే ఏటీ&కే0ను రాక్‌వెల్‌కు ఇస్తే ఫ్లో కంట్రోల్ పోతుంది, ఫైళ్లు పాడవుతాయి. మాన్యువల్ చూడకుండా ఏదీ కొట్టకండి. వీ.42 తప్పుల దిద్దుబాటు కుదరకపోతే వీ.42బిస్ కూడా మొదలుకాదు. లైనులో గరగర ఉంటే పాడైన ముక్కలు మళ్లీ మళ్లీ పంపాల్సి వచ్చి వేగం పడిపోతుంది. ముందు జాయింట్లు సరిచేయించండి, అదే లైను మీద ఉన్న రెండో ఫోన్ తీసేయండి.

నా సలహా అడిగితే, పట్టికల్ని కంప్యూటర్‌లోనే జిప్ చేసి పంపండి. మోడెమ్ గుర్తుపెట్టుకునే జాబితా (నిఘంటువు) సాధారణంగా 2,048 వరుసలదే, జిప్ 32 కేబీ వెనక్కి చూసి వెతుకుతుంది. ఒకే పట్టికను మామూలుగా ఒకసారి, జిప్ చేసి ఒకసారి పంపి గడియారం చూడండి. రెండింటికీ పట్టిన సమయం బైట్ల లెక్కకు సరిగ్గా సరిపోతే మీ మోడెమ్‌లో కంప్రెషన్ అసలు పనిచేయడం లేదు.