మామగారు పెట్టిన వాచీ గరగరమంటోంది, వారంటీ ఉండగా సర్వీసుకి డబ్బు కట్టాలా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కావలి. రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరుగా చేస్తున్నాను. పెళ్లికి మా మామగారు చెన్నైలో 24,500 రూపాయలకు ఆటోమేటిక్ వాచీ కొని పెట్టారు. బిల్లు ఆయన పేరు మీద ఉంది, వారంటీ రెండేళ్లు. మొదటి నుంచీ చెయ్యి ఊపితే లోపల ఏదో తిరుగుతున్నట్టు సర్రుమని వినిపించేది. షాపులో అడిగితే ఆటోమేటిక్ అంటే అంతే అన్నారు. 14 నెలలకు అది గరగరగా మారింది. రాత్రి తీసి పెడితే తెల్లారేసరికి ఆగిపోతోంది. నెల్లూరు సర్వీస్ సెంటర్లో ఇస్తే 20 రోజులు ఉంచుకుని ‘చెక్ చేశాం, బాగుంది’ అని తిరిగిచ్చారు. మళ్లీ వెళితే ఫుల్ సర్వీసింగ్ చేయాలి, 5,800 కట్టమన్నారు. కట్టకుండా వచ్చేశాను. వారంటీ ఇంకా ఏడు నెలలు ఉంది. బాక్సులోని కాగితంలో మిషన్ మియోటా 8215 అని రాసి ఉంది. కేసు వేయొచ్చా? చెన్నై వెళ్లాలా? కొత్త వాచీ వస్తుందా? మామగారికి చెప్పాలంటే మొహమాటంగా ఉంది.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: కేసు వేయొచ్చు. నెల్లూరులోనే వేయొచ్చు. అయితే అంతకంటే ముందు, ఈ రోజు నుంచే ఆ వాచీ చేతికి పెట్టుకోవడం ఆపండి. ఎందుకో కిందకి వచ్చాక చెబుతాను.

మీ ఉత్తరంలో రెండు శబ్దాలు ఉన్నాయి. ఆ రెండింటినీ కలిపి ‘కొన్నప్పటి నుంచీ శబ్దం వస్తోంది’ అని ఫిర్యాదు రాస్తే మీ కేసు అక్కడే బలహీనపడుతుంది. ఆటోమేటిక్ వాచీలో బ్యాటరీ ఉండదు. వెనక వైపు అర్ధచంద్రాకారంలో ఒక లోహపు బరువు ఉంటుంది, దాన్నే రోటర్ అంటారు. చెయ్యి కదిలినప్పుడల్లా అది నడిమధ్య ఇరుసు మీద తిరిగి లోపలి స్ప్రింగుకి కీ ఇస్తుంది. మియోటా 8215లో రోటర్ ఒక వైపు తిరిగితేనే కీ ఎక్కుతుంది. రెండో వైపు ఏ పనీ లేకుండా గిర్రున తిరిగిపోతుంది. మీరు మొదట్లో విన్న సర్రుమనే శబ్దం ఆ ఖాళీ తిరుగుడిది. క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉండే) వాచీల్లో వాడే వాల్జూ 7750 మిషన్ కూడా ఒక వైపే కీ ఎక్కించుకుంటుంది, దాని కుదుపు మణికట్టుకి కూడా తెలుస్తుంది. కాబట్టి ఆ రోజు షాపువాళ్లు చెప్పింది నిజమే. దాన్ని ఒప్పుకోండి. ఒప్పుకుంటే మీ రెండో మాటకు విలువ పెరుగుతుంది.

గరగర వేరు. ఇనుము ఇనుముతో రాసుకున్న శబ్దం రోటరుకి సహజం కాదు. నడిమధ్య స్క్రూ వదులైనా, ఇరుసు గానీ బేరింగ్ గానీ అరిగినా రోటర్ ఒక పక్కకి వాలి, తిరిగిన ప్రతిసారీ వెనక మూతకో మిషన్‌కో రాసుకుంటుంది. మా నాన్నగారి ఆటోమేటిక్ వాచీ ఇలాగే అరుస్తుంటే ఒంగోలులో ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, వెనక మూత తిప్పి తీసి, మూత లోపలి వైపు నాకు చూపించారు. నున్నటి స్టీలు మీద నెలవంకలాగా ఒక గీత. గీత పక్కనే వేలితో తుడిస్తే అంటుకునేంత నల్లటి పొడి. ‘ఈ పొడి మిషన్లోకి దిగితే పళ్లచక్రాలన్నీ పోతాయి బాబూ, ముందే తెచ్చుంటే స్క్రూ బిగించి పంపేవాణ్ణి’ అన్నారు. పెట్టుకోవడం ఆపమని చెప్పింది అందుకే. దీనికి చట్టం వైపు కారణం కూడా ఉంది. నష్టం పెరగకుండా చేతనైన జాగ్రత్త నష్టపోయినవాడు కూడా తీసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణ చెబుతుంది. గరగర వింటూ ఇంకో ఆరు నెలలు పెట్టుకుని తిరిగితే, చెడగొట్టింది మీరేనని అవతలి లాయరు తప్పకుండా అంటాడు.

ఇప్పుడు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. వాచీ పక్కన ఉండే తలను బయటికి లాగకుండా, నెమ్మదిగా 30, 40 చుట్లు తిప్పి చేత్తో కీ ఇవ్వండి. తర్వాత బల్ల మీద కదపకుండా పెట్టి, ఎన్ని గంటలకు ఆగిందో రాసుకోండి. ఈ మిషన్ నిండా కీ ఉంటే 40 గంటలకు పైనే నడవాలి. చేత్తో కీ ఇస్తే 40 గంటలు నడిచి, పగలంతా పెట్టుకున్నా రాత్రికే ఆగిపోతోందంటే స్ప్రింగు బాగానే ఉంది, రోటర్ దానికి కీ ఎక్కించడం లేదని అర్థం. చేత్తో కీ ఇచ్చినా ముందే ఆగిపోతే గొడవ లోపలెక్కడో ఉంది, ఆయిలు కూడా కారణం కావచ్చు. పెట్టిన టైము, ఆగిన టైము ఫోన్లో ఫొటో తీయండి. గదిలో ఫ్యాను ఆపి, వాచీని ఫోను దగ్గర పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పి శబ్దం రికార్డు చేయండి. వీడియో తీసిన ఫోను మార్చేయకండి, అసలు ఫైలు అందులోనే ఉంచండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది, అప్పుడు ఆ ఫోనే ఆధారం.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. ఎంత తెలిసినవాడైనా సరే, కావలి ట్రంకు రోడ్డులో రిపేరు చేసే మనిషితో మూత తీయించకండి. బయట విప్పితే వారంటీ పోతుందని దాదాపు ప్రతి కార్డు మీదా ఉంటుంది. మీ వాచీకి వెనక గాజు మూత ఉంటే మటుకు విప్పే పని లేకుండానే రోటర్ వాలి తిరుగుతోందేమో కనిపిస్తుంది. దాన్నీ వీడియో తీయండి.

డబ్బు ఎవరు కట్టాలన్నదానికి వస్తాను. ఆటోమేటిక్ వాచీకి సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లకొకసారి విప్పి, కడిగి, ఆయిలు వేయించాలి. ఆ సర్వీసింగ్ ఖర్చు వాచీ ఉన్నవాళ్లదే, అందులో వివాదం లేదు. కానీ 14 నెలలకే, దెబ్బ తగలకుండా, రోటర్ రాసుకుంటోందంటే అది ఆయిలు ఆరిపోయిన వ్యవహారంలా కనిపించడం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10) ‘లోపం’ అంటే ఏమిటో చెబుతుంది. ఒప్పందం ప్రకారమో, అమ్మినవాడు చెప్పిన దాని ప్రకారమో ఉండాల్సిన నాణ్యత లేకపోవడం లోపమే. వారంటీ కార్డు అలాంటి ఒప్పందం.

అవతలి వాళ్లు రెండు మాటలు అనే అవకాశం ఉంది: కింద పడేశారని, లేదా తడి చేరిందని. మీరు రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తున్నారు, ఉప్పునీళ్లూ ఏరేటర్ల తుంపరలూ మామూలే. కాబట్టి మీకు మీరే నిజం చెప్పుకోండి. వాచీ బాడీ మీద సొట్ట గానీ, గాజు లోపల పొగమంచు గానీ ఎప్పుడైనా కనిపించిందా? కనిపించి ఉంటే మీ బలం సగం తగ్గినట్టే. లేకపోతే భయపడకండి. తుప్పు ఉందంటే తుప్పు ఫొటో చూపించమనండి. మూత మీ ఎదుటే తీయమని అడగండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చేది ‘చెక్ చేశాం, బాగుంది’ అన్న మాట. అది జాబ్ కార్డు (వాచీ తీసుకున్నప్పుడు సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితం) మీద రాసి ఉందా, నోటితో అన్నారా? మొదట బాగుందన్నవాళ్లే తర్వాత ఫుల్ సర్వీసింగ్ కావాలన్నారు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. కాగితం ఉంటే భద్రంగా పెట్టండి. లేకపోతే ఇప్పుడు మెయిల్ పెట్టి అడగండి: మొదటిసారి ఏం పరీక్షించారు, రెండోసారి ఏం లోపం కనిపెట్టారు, అది వారంటీలోకి ఎందుకు రాదు. ఈ మూడింటికీ జవాబు రాతలో ఇవ్వమనండి. తెలిసిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమేనని సెక్షన్ 2(11)లో స్పష్టంగా ఉంది. మళ్లీ వాచీ ఇచ్చేటప్పుడు ముందు, వెనక, పక్కల ఫొటోలు తీసుకుని, జాబ్ కార్డు మీద ‘గరగర శబ్దం, రాత్రికి ఆగిపోతోంది’ అని రాయించండి. ‘జనరల్ చెకప్’ అని రాస్తే సంతకం పెట్టకండి.

రెండు వారాల్లో సరైన జవాబు రాకపోతే నోటీసు పంపండి. అమ్మిన షాపుకి, కంపెనీకి లేదా ఇక్కడికి తెచ్చి అమ్ముతున్న దిగుమతిదారుకి, సర్వీస్ సెంటర్‌కి ముగ్గురికీ పంపాలి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. స్పీడ్ పోస్టులో పంపి, 15 రోజుల గడువు ఇచ్చి, చేరినట్టు రుజువు దగ్గర పెట్టుకోండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా కంపెనీలు ఆ దశలోనే దారికి వస్తాయి.

అప్పటికీ తెగకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. కొన్నది చెన్నైలో అయినా ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చని సెక్షన్ 34(2)(డి) చెబుతుంది. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు. వస్తువుకి కట్టిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. లాయరును పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. కేసుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి (సెక్షన్ 69). శబ్దం మారిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి, అది క్షేమం.

లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే, కమిషన్ వస్తువుని సీలు వేసి తగిన ల్యాబుకి పంపుతుంది. ఆ ఫీజు ముందు మీరే కట్టాలి. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. నిజం చెప్పాలంటే చాలాసార్లు అంతకంటే ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతోనే దిగండి.

కొత్త వాచీ విషయంలో మీకు ఆశ పెట్టను. మారుతి కారు కేసులో 2006లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: వారంటీ పాడైన భాగం మార్చడం గురించి చెబుతున్నప్పుడు మొత్తం వస్తువునే మార్చమనడం కుదరదని. వాచీకీ ఆ వాదనే తెస్తారు. అందుకని ఫిర్యాదులో మొదటి కోరిక ఉచితంగా బాగుచేసి, చేసిన పనికి రాతపూర్వక గ్యారంటీ ఇవ్వడం. బాగుచేశాక కూడా అదే తిరగబెడితే అప్పుడు మార్చడం లేదా 24,500 వెనక్కివ్వడం అడగండి. రెండుసార్లు తిప్పినందుకు, పోయిన రోజులకు పరిహారం, ఖర్చులు విడిగా అడగండి.

ఇక మామగారి సంగతి. బిల్లు ఆయన పేరున ఉన్నా మీకు హక్కు ఉంది. కొన్నవారి సమ్మతితో వాడేవారు కూడా వినియోగదారులేనని సెక్షన్ 2(7) అంటుంది. అయినా నా సలహా, ఆయన్ని కూడా ఫిర్యాదుదారుగా చేర్చండి. డబ్బు కట్టింది ఆయన, షాపులో ఏం చెప్పి అమ్మారో విన్నదీ ఆయనే. ఆయన అఫిడవిట్ ఒక పేజీ ఉంటే ‘మాకు మీతో సంబంధం లేదు’ అనే మాటకు తావుండదు. మొహమాటపడకండి. అల్లుడికి ముచ్చటపడి కొన్న వాచీ ఆగిపోతోందని ఎవరో చెప్పగా తెలిస్తేనే ఆయనకు ఎక్కువ బాధ కలుగుతుంది. బిల్లు, వారంటీ కార్డు ఒరిజినల్స్ ఆయన దగ్గరే ఉండి ఉంటే ఆ వంకతోనే ఈ ఆదివారం వెళ్లి మాట్లాడండి. నోటీసుకి జవాబు వచ్చాక దాని కాపీ, కార్డు వెనక ఉన్న షరతులు నాకు పంపండి. వాళ్లు ఏ షరతు పట్టుకున్నారో చూసి, ఫిర్యాదు ఎలా రాయాలో చెబుతాను.