కుస్తీ నేర్చుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

విజయనగరం నుంచి మావయ్య ఆశీస్సులు. స్కూల్ గేమ్స్ సెలెక్షన్లకి కుస్తీలో పేరు ఇచ్చావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. చదువు పాడవుతుందని బావ టెన్షన్ పడుతున్నారట, ఆయనతో నేను మాట్లాడతాను. ఏళ్ల తరబడి కుర్రాళ్లకి కుస్తీ నేర్పినవాడిగా నీకు చెప్పాల్సింది వేరే ఉంది.

అందరూ ప్రత్యర్థి గురించే ఆలోచిస్తారు. నువ్వు రోజూ నీతో ప్రాక్టీసు చేసే జోడీ గురించి ఆలోచించు. ప్రత్యర్థి నీ ఎదుట ఉండేది కాసేపే. పెద్దవాళ్ల బౌట్ అయినా మూడేసి నిమిషాల రెండు రౌండ్లే, మీ వయసు వాళ్లకి ఇంకా తక్కువ. జోడీ అలా కాదు, నెలల తరబడి తన కాళ్లూ మెడా నీ చేతికి అప్పగిస్తాడు. నీకు కొత్త పట్టు రావాలంటే వాడు మళ్లీ మళ్లీ కింద పడాలి. అందుకే ఎత్తినప్పుడు వాడి తల మ్యాట్‌కి కొట్టుకోకుండా దించు. వాడు ఇక చాలన్నట్టు చేత్తో తట్టగానే పట్టు వదిలెయ్యి. నీకంటే బలహీనుడు జోడీగా వస్తే బలం పక్కనపెట్టి కదలికలు సాధన చెయ్యి. బలమైనవాడు వస్తే కాలు నొప్పి అని తప్పించుకోకు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో బాగా ఎదిగింది, మిగతా పిల్లలు "నాకు వాడే జోడీగా కావాలి" అని అడిగిన కుర్రాళ్లే. గోళ్లు తీసుకోవడం, బట్టలు ఉతుక్కోవడం కూడా జోడీ కోసమే. ఒకరికి తామర ఉంటే మ్యాట్ మీద అందరికీ అంటుకుంటుంది.

బరువు తగ్గించుకోవడానికి తిండి మానేస్తే మాత్రం నేను ఒప్పుకోను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ ఫైనల్‌కి చేరాక, తను ఆడే 50 కిలోల బరువు కేటగిరీ మీద 100 గ్రాములు ఎక్కువ తూగిందని అనర్హురాలిగా ప్రకటించారు. అంత అనుభవం, పక్కన డాక్టర్లు ఉన్న మనిషికే అలా జరిగింది. నీది ఎదిగే వయసు. చోడి (రాగి) అంబలి, అన్నం, గుడ్డు మానకుండా తిని, ఎంత తూగితే ఆ కేటగిరీలోనే ఆడు.

ఎన్ని పాయింట్లు ముందున్నా రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనించేశారంటే ఆట అయిపోయినట్టే. అలా ఓడిపోయిన రోజు ఏడుపొస్తే ఏడువు. ముందు అవతలి కుర్రాడికీ వాళ్ల కోచ్‌కీ చెయ్యి కలిపి రా. రిఫరీ మీద నెపం వెయ్యకు. ఇంటికెళ్లి అన్నం తిన్నాక, ఎక్కడ దొరికిపోయావో నోట్‌బుక్‌లో రాసుకో. వెనకబడ్డావని ఆట మధ్యలో చేతులెత్తెయ్యకు. 2016 రియోలో సాక్షి మలిక్ కాంస్యం బౌట్‌లో 0-5తో వెనకబడి 8-5తో గెలిచింది.

శ్రీకాకుళం స్టేడియానికి ఎవరి పేరుందో నీకు తెలుసు కదా. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు అంతటి మల్లయోధుడై ఉండి, ఇక్కడ విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పిల్లలకి నేర్పారు. నువ్వూ నీకొచ్చింది ఆరో తరగతి గుంటలకి నేర్పు. విడమరిచి చెప్పబోతేనే మనకి సరిగ్గా రానిదేదో తెలుస్తుంది.

బూట్లకి డబ్బు బావకి పంపుతున్నాను. చీలమండని గట్టిగా పట్టి ఉంచే రకం చూసి కొనుక్కో. నీ జోడీకి బూట్లు లేకపోతే మొహమాటపడకుండా చెప్పు, వాడికీ పంపుతాను.

మీ మావయ్య