ఒక్క బైబిలునే అంగీకరించే సహోదరులతో మాట్లాడేటప్పుడు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న దీవెనలు. 1611లో ఇంగ్లండు రాజు జేమ్సు ఆనతితో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలు తప్ప మరే ఇంగ్లీషు అనువాదమూ దేవుని వాక్యం కాదనే సహోదరునితో నీకు చర్చ మొదలైందనీ, రెండోసారికే మాటా మాటా పెరిగిందనీ రాశావు. ఇందులో నా అభిప్రాయం నీకు తెలిసిందే కాబట్టి న్యాయం ఎవరి పక్షాన ఉందో తేల్చే పని పెట్టుకోను. ఇలాంటి వారితో మాట ఎలా సాగుతుందో, ఎక్కడ తెగిపోతుందో ఇన్నేళ్లలో నేను గమనించినంత మేరకు చెబుతాను.

ముందుగా, అతను ఏ మాట మీద నిలబడ్డాడో అడిగి తెలుసుకో. "ఈ ఒక్క బైబిలే" అనేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదు. కొందరు ఆ భాషలోని గాంభీర్యానికి అలవాటుపడినవారు. చిన్నప్పుడు కంఠస్థం చేసిన వచనాలన్నీ వారికి ఆ మాటల్లోనే గుర్తుంటాయి. అలాంటివారితో వాదించడమంటే వారి జ్ఞాపకాలతో తగవు పెట్టుకోవడమే కనుక ఆ జోలికి పోవద్దు. ఇంకొందరి పట్టింపు ఇంగ్లీషు మీద కాదు, దాని వెనకనున్న గ్రీకు పాఠం మీద, అంటే కొత్త నిబంధనను ఏ గ్రీకు మూలం నుంచి అనువదించారో దాని మీద. 1516లో ఎరాస్మస్ అనే పండితుడు అచ్చువేయించిన గ్రీకు కొత్త నిబంధన నుంచి వచ్చి, తరువాత టెక్స్టస్ రిసెప్టస్ అనే పేరుతో స్థిరపడిన పాఠమే సరైనదనీ, 1881లో వెస్ట్‌కాట్, హోర్ట్ అనే పండితులు పాత రాతప్రతుల ఆధారంగా ప్రచురించిన పాఠం దారి తప్పించిందనీ వారు అంటారు. వీరిని తేలికగా చూడకు. 1883లో జాన్ బర్గన్ అనే ఇంగ్లీషు మతగురువు ఆ కొత్త పాఠం మీద రాసిన విమర్శ బరువైనదే. అయితే టెక్స్టస్ రిసెప్టస్‌కూ సవరణలు అవసరమేనని బర్గనే ఒప్పుకున్నాడు. ఆయన పేరు చెప్పి వాదించేవారిలో చాలామంది ఈ సంగతి ఎత్తరు. ఇక మిగిలినవారు, ఆ ఇంగ్లీషు మాటలే దైవావేశం వల్ల కలిగాయనీ, అవసరమైతే గ్రీకునే వాటినిబట్టి సరిదిద్దుకోవాలనీ నమ్ముతారు. నీ ఉత్తరాన్నిబట్టి చూస్తే నీ స్నేహితుడు రెండో కోవకూ మూడో కోవకూ మధ్య ఊగుతున్నట్టున్నాడు.

అతను కాపాడుకుంటున్నది ఒక అనువాదాన్ని మాత్రమే అనుకుంటే పొరపడతావు. "ఈ వచనం అతి పాత ప్రతుల్లో లేదు" అని నువ్వు మామూలుగా అన్నప్పుడు అతనికి వినిపించేది వేరు: నీ చేతిలోని గ్రంథాన్ని నమ్మలేవు, ఏది దేవుని మాటో పండితులు చెబితే తప్ప నీకు తెలియదు అని. ఆ భయానికి జవాబివ్వకుండా ఎన్ని రాతప్రతుల పేర్లు వల్లించినా అవి చెవికెక్కవు. అతని చేతిలో ఉన్నది దేవుని వాక్యమేనని నువ్వు నమ్ముతున్నావు కదా, ఆ మాట ముందే స్పష్టంగా చెప్పు. దానితో సగం వేడి తగ్గుతుంది. ఇది కొత్త భయమేమీ కాదు. యోనాకు నీడనిచ్చిన మొక్క పేరును, బైబిలును లాటినులోకి అనువదించిన జెరోము తన కొత్త అనువాదంలో మార్చినందుకు ఉత్తర ఆఫ్రికాలోని ఒక సంఘంలో ఎంత గొడవ జరిగిందో 403లో వేదాంతి అగస్టీను జెరోముకు రాసిన ఉత్తరంలో ఉంది. అక్కడి బిషప్పు తన మందనే పోగొట్టుకునేంత పని అయింది.

ఆ తరువాత బయటి పుస్తకాలను పక్కనపెట్టి, అతను గౌరవించే అనువాదకుల మాటలనే అతనితో కలిసి చదువు. 1604లో జేమ్సు రాజు హాంప్టన్ కోర్టులో జరిపిన సమావేశంలో ఈ అనువాదం తలపెట్టాక ఆ పనికి కూర్చున్న సుమారు 47 మంది పండితులు తమ గ్రంథానికి పెద్ద ముందుమాట జతచేశారు. రాసినవాడు మైల్స్ స్మిత్. నేటి ప్రతుల్లో చాలావాటిలో అది అచ్చుకావడం లేదు కాబట్టి నీ స్నేహితుడు చూసి ఉండకపోవచ్చు. రాజు పార్లమెంటులో చేసిన ప్రసంగాన్ని ఫ్రెంచిలోకో లాటినులోకో మార్చినప్పుడు, అనువాదకులందరికీ ఒకే నేర్పు లేకపోయినా అది రాజు ప్రసంగమే అవుతుంది కదా, అలాగే నేర్పు తక్కువైన ఇంగ్లీషు అనువాదం కూడా దేవుని వాక్యమేనని వారు అందులో వాదించారు. లేఖనాల భావం తెలుసుకోవడానికి అనువాదాలు పలు రకాలుగా ఉండడం మేలనీ రాశారు.

అదే గ్రంథంలో లూకా 17వ అధ్యాయం 36వ వచనం దగ్గర, 1611 నాటి అచ్చుప్రతి అంచున చిన్న అక్షరాలతో ఒక గమనిక ఉంటుంది: ఈ వచనం గ్రీకు ప్రతుల్లో ఎక్కువవాటిలో లేదని. కొత్త అనువాదాల అడుగున ఇలాంటి గమనికలు కనబడితే అవి సందేహాన్ని నాటుతున్నాయని అతను అంటాడు కదా. ఆ పుట నకలు ముందుపెట్టి, వాళ్లు ఈ మాట ఎందుకు రాసి ఉంటారని అడుగు. గెలిచినవాడి గొంతుతో మాత్రం అడగకు. అడిగాక ఊరుకో, జవాబుకు తొందరపెట్టకు.

అతను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మీ బైబిళ్లలో వచనాలు తీసేశారు, అవునా కాదా?" దీనికి డొంకతిరుగుడుగా మాట్లాడితే నీ నిజాయితీని శంకిస్తాడు. అపొస్తలుల కార్యములు 8:37 చాలా కొత్త అనువాదాల్లో అడుగున గమనికలోనే కనిపిస్తుందని ఒప్పుకో. మొదటి యోహాను 5:7లో పరలోకపు ముగ్గురు సాక్షుల మాట ఎరాస్మస్ మొదటి రెండు ముద్రణల్లో లేదనీ, 1522 నాటి మూడో ముద్రణలో చేరిందనీ చెప్పు. తీసేశారా, తరువాత చేరినదాన్ని చేరిందని గుర్తించారా అన్నదే అసలు విషయం. త్రిత్వ సిద్ధాంతం ఆ ఒక్క వచనం మీద ఆధారపడిలేదని కూడా అక్కడే చెప్పాలి, లేకపోతే నువ్వు విశ్వాసపు పునాదినే తవ్వుతున్నావని అనుకుంటాడు.

కొన్ని మాటలు నిజమైనా నోట రానీయకు. జేమ్సు రాజు నడవడి, ఆ బైబిలు 1631 నాటి ముద్రణలో "వ్యభిచరింపకూడదు" అన్న ఆజ్ఞలో "కూడదు" జారిపోయిన సంగతి, ఇవి నవ్వించడానికి తప్ప నీ వాదానికి పనికిరావు. హోర్ట్ వ్యక్తిగత నమ్మకాల మీద అతను ఆరోపణలు చేసినప్పుడు నీకు నచ్చదు కదా, అదే కొలత రాజుకూ వర్తిస్తుంది. 1611 తరువాత ఒక్క అక్షరమూ మారలేదని అతను పట్టుబడితే మాత్రం, ఈనాడు చేతుల్లో ఉన్నది ఎక్కువగా 1769లో ఆక్స్‌ఫర్డులో బ్లేనీ అనే పండితుడు సవరించిన ప్రతేనని చెప్పవచ్చు.

ఇవన్నీ ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడుకోవలసినవి. ఆరాధన ముగిసి నలుగురూ నిలబడ్డ చోట, ముఖ్యంగా కొత్త విశ్వాసుల ముందు ఈ ప్రస్తావన తేవద్దు. అక్కడ అతను ఒప్పుకోవాలనుకున్నా వెనక్కు తగ్గలేడు. ఆ సంఘంలో వాక్యం చదవమని నిన్ను పిలిస్తే వారి బైబిలులోంచే చదువు. వేరే అనువాదం చదివేవారికి రక్షణే లేదని అతను అనేదాకా వస్తే చర్చ అంతటితో ఆపు, స్నేహం మాత్రం ఆపకు. ఎందుకంటే అక్కడికి చేరాక మాట్లాడవలసినది అనువాదం గురించి కాదు, సువార్త గురించి. దానికి వేరే రోజు, వేరే మనసు కావాలి.

ఆ ముందుమాట నకలు, లూకా పుట నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ముందుమాట పొడవైనది, భాష కూడా కష్టమైనది కనుక నువ్వు ముందే రెండుసార్లు చదువుకుని వెళ్లు. అతను ఏమన్నాడో అతని మాటల్లోనే రాసి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న